512 హెర్ట్జ్ శ్రుతిదండం: స్కూలు ల్యాబుకి సరిపోతుందా?

ఈ శ్రుతిదండం (ట్యూనింగ్ ఫోర్క్) అల్యూమినియం రకం, పక్కన రబ్బరు సుత్తి. మోత గట్టిగానే వస్తుంది, కానీ స్టీలు దండంలా ఎక్కువసేపు నిలవదు. దాంతో నీటి గొట్టం ప్రయోగంలో రెండో అనునాదం (దండం మోతకు గొట్టంలోని గాలి గట్టిగా మోగడం) దొరికేలోపే మళ్లీ కొట్టాల్సి వస్తుంది.

అసలు పరీక్ష నీటి గొట్టంతో ధ్వని వేగం కొలవడమే. లోపలి వ్యాసం 3 సెం.మీ., గది వేడి 30 డిగ్రీలు అనుకుందాం. నీటిమట్టం దించుతూ పోతే మూతి నుంచి దాదాపు 16 సెం.మీ. దగ్గర గొట్టం ఒక్కసారిగా హోరెత్తాలి, మళ్లీ 50 దగ్గర. ఆ తేడా 34కి రెట్టింపు 68 సెం.మీ., అదే తరంగదైర్ఘ్యం. దాన్ని 512తో గుణిస్తే ధ్వని వేగం సెకనుకు సుమారు 348 మీటర్లు. ఒక్క రీడింగుతో లెక్క కట్టకండి. అనునాదం గొట్టం మూతికి కాస్త పైదాకా సాగుతుంది కాబట్టి జవాబు తగ్గిపోతుంది.

బల్ల అంచుకేసి కొట్టే అలవాటుంటే మానుకోండి. సన్నని కీచు స్వరం కలిసి చెవిని తికమక పెడుతుంది, భుజాలకు సొట్టపడితే పౌనఃపున్యమే మారిపోతుంది. కాడ పట్టుకుని చెవి దగ్గర మెల్లగా తిప్పితే ఒక చుట్టులో నాలుగుచోట్ల మోత మాయమవుతుంది. పిల్లలకు ముందు చూపించాల్సింది ఇదే!

సుత్తి మాత్రం నాసిరకం. పిడి వదులు.