కయాక్ మీద ఊగుతున్న రాడ్ హోల్డర్: వెల్ నట్ కిట్ కొనాలా, రివెట్ కొట్టాలా, బోల్టు దించాలా?

కయాక్ (తెడ్డు పడవ) మీద గేలం కర్రను నిలబెట్టే రాడ్ హోల్డర్ ఊగుతోందనగానే ఆన్‌లైన్‌లో ముందుగా కనబడేది వెల్ నట్ కిట్. చిన్న డబ్బాలో పదో ఇరవయ్యో రబ్బరు నట్లు, వాటికి సరిపడా స్టెయిన్‌లెస్ మరలు ఉంటాయి. పడవ లోపలికి చేయి పెట్టక్కర్లేదు, పైనుంచే బిగించేయొచ్చు. అందుకే దీనికి అంత గిరాకీ. వస్తువుగా ఇది మంచిదే. కానీ రాడ్ హోల్డర్ లాంటి బరువు పడే చోట, అందులోనూ లోపలికి చేయి అందే చోట, దీన్ని వాడటం తప్పు. కొనేముందు హ్యాచ్ (పడవ లోపలికి చేయి పెట్టే కంత) మూత తీసి, హోల్డర్ అడుగుభాగం చేతికి తగులుతుందో లేదో చూడండి. తగిలితే ఈ కిట్ మీకు అవసరం లేదు.

ఎందుకో చెప్పాలంటే లెక్క చూడాలి. ఏడడుగుల రాడ్ హోల్డర్‌లో ఉంది, చేప నాలుగు కిలోల బలంతో లాగుతోంది అనుకుందాం. రాడ్ వంగాక కూడా ఆ లాగుడు హోల్డర్‌కు మీటరున్నర దూరం నుంచి పనిచేస్తుంది. అంటే ఆరు కేజీ-మీటర్ల మెలి (తిప్పే బలం, టార్క్). హోల్డర్ బేస్‌లో మరల మధ్య దూరం ఐదు సెంటీమీటర్లే. ఆరును 0.05తో భాగిస్తే 120 కిలోలు. వెనకవైపు రెండు మరలూ కలిసి ఆ బరువును మోయాలి, ఒక్కోదానికి 60 కిలోలు. ఇది చేప లెక్క మాత్రమే. గాల్వెస్టన్ బే లాంటి చోట ట్రోలింగ్ (కదిలే పడవ వెనక గేలాన్ని ఈడ్చడం) చేస్తుండగా గేలం ఆయిస్టర్ గుట్టకు తగులుకుంటే, మనిషి బరువుతో సహా కదులుతున్న పడవ మొత్తం ఆ మరల మీదే ఆగుతుంది.

ఆ మరలు పట్టుకున్నది దేన్ని? ఎక్కువ సిట్-ఆన్-టాప్ కయాక్‌లు పాలిథిలీన్‌ను అచ్చులో తిప్పుతూ పోతపోసినవి. గోడ మందం చాలాచోట్ల 4 నుంచి 6 మి.మీ. ఈ ప్లాస్టిక్ అంత సులభంగా పగలదు, అది దాని గొప్ప. కానీ ఒకేచోట ఒత్తిడి నిలిచి ఉంటే మెల్లగా జారుతుంది, ఎండలో వేడెక్కితే ఇంకా త్వరగా. అందుకే కంపెనీ నుంచి గట్టిగా వచ్చిన సెల్ఫ్ ట్యాపింగ్ మర కొన్నాళ్లకు గుండ్రంగా తిరుగుతూ పోతుంది కానీ బిగియదు. మర పోయిన ఆ బెజ్జంలోకి ఇంకాస్త లావు మర ఎక్కించడం చాలామంది చేసే మొదటి పని. దాంతో బెజ్జం పెద్దదవుతుందే తప్ప పట్టు రాదు.

మరమ్మతుకు ముందు ఊగుతున్నది ఏమిటో తేల్చుకోండి. బేస్‌ను ఒక చేత్తో అదిమిపట్టి, రెండో చేత్తో హోల్డర్‌ను ఊపండి. బేస్ కదలకుండా హోల్డర్ మాత్రమే ఆడితే అరిగింది కాడో దాని లాకో. అది హోల్డర్ మార్చాల్సిన సంగతి, పడవకు ఏ జబ్బూ లేదు. బేస్ ఆడి, మర ఊరికే తిరుగుతుంటే బెజ్జం పోయింది. మరలన్నీ బిగుతుగానే ఉండి, బేస్ చుట్టూ డెక్ (పడవ పైభాగం) పల్లంలా లోపలికి వంగి లేస్తుంటే కింద ఆధారం చాలడం లేదు. దీనికి మర మార్చి లాభం లేదు, పలక వేయాల్సిందే. బెజ్జం దగ్గర వెంట్రుకలా చీలిక కనిపిస్తే మొదట దాని కొసన 3 మి.మీ. బెజ్జం పెట్టండి, చీలిక ముందుకు పాకకుండా ఆగుతుంది. ఇంకో సంగతి: వదులైన హోల్డర్ వల్ల రాడ్ పోవడం కన్నా పెద్ద ప్రమాదం నీళ్లు. మర పక్కనుంచి లోపలికి చేరిన నీళ్లు పడవ ఒరిగినప్పుడల్లా అటుపక్కకే పరుగెత్తి దాన్ని ఇంకా ఒరిగిస్తాయి. ఒడ్డుకొచ్చాక స్పాంజితో పిండితే లీటరు నీళ్లు వస్తున్నాయంటే ఆ హోల్డర్‌తో మళ్లీ నీళ్లలోకి దిగకండి.

ఇక వెల్ నట్ సంగతి. రబ్బరు గొట్టం, పైన అంచు, లోపల అడుగున ఇత్తడి నట్. మర తిప్పేకొద్దీ ఇత్తడి నట్ పైకి వచ్చి, రబ్బరు గోడ వెనక ఉబ్బి పట్టుకుంటుంది. మన దగ్గర బైకుల విండ్‌షీల్డ్ బిగించే రబ్బరు నట్లు ఇదే జాతి. 10-32 సైజు (సుమారు 5 మి.మీ.) మరకు 3/8 అంగుళం బెజ్జం, పావు అంగుళం మరకు అర అంగుళం బెజ్జం కావాలి. బెజ్జం అర మి.మీ. ఎక్కువైనా రబ్బరుతో పాటు మర తిరుగుతుంది. బిగింపు తగిలాక సుమారు ఒక చుట్టు చాలు. అక్కడ ఆగకపోతే రబ్బరు ఇత్తడి నుంచి ఊడిపోతుంది. నీళ్లు ఆపడంలో దీనికి వంక పెట్టలేం, ఫిష్ ఫైండర్‌కూ తెడ్డు క్లిప్పుకూ నిశ్చింతగా వాడొచ్చు. రాడ్ హోల్డర్‌కు వచ్చేసరికి మూడు లోపాలున్నాయి. రబ్బరు మీద నిలబడ్డ బేస్ కొత్తలో కూడా కొంచెం ఊగుతుంది. ఎండకు, ఉప్పుకు రబ్బరు గట్టిపడి పగులుతుంది. మూడోదే అసలు లోపం: 5 మి.మీ. మర ఉన్నచోట మీరు దాదాపు 10 మి.మీ. బెజ్జం చేసేశారు. రేపు బోల్టు వేద్దామన్నా ఆ బెజ్జం మళ్లీ చిన్నదవదు. లోపల ఇత్తడి తిరగడం మొదలైతే పైఅంచును బ్లేడుతో కోసి, మిగతాది లోపలికి నెట్టేయాలి. ఆ ముక్కను తియ్యకపోతే పడవ కదిలినప్పుడల్లా గలగలమంటుంది.

మడత రివెట్ (ట్రై-ఫోల్డ్ రివెట్) మీద మాకు ఇంతకన్నా మంచి అభిప్రాయం ఉంది. 3/16 అంగుళం అల్యూమినియం రివెట్ లాగగానే వెనక మూడు కాళ్లుగా విచ్చుకుని ప్లాస్టిక్‌ను వెడల్పుగా పట్టుకుంటుంది. తల కింద నియోప్రీన్ వాషర్ ఉన్నవే తీసుకోండి. ఇక్కడ తప్పు జరిగేది పొడవు దగ్గర. పెట్టె మీద రాసిన గ్రిప్ కొలతలో బేస్ మందం, డెక్ మందం, వాషర్ మందం మూడూ కలిపి పడాలి. పొట్టిదైతే కాళ్లు పూర్తిగా తెరుచుకోవు, పొడవుదైతే తెరుచుకున్నా వదులుగానే ఉంటాయి. చవక రివెట్ గన్‌లలో కొన్నిటికి ఈ సైజు ముక్కు ఉండకపోవచ్చు, చూసి కొనండి. పాత రివెట్ తీయాలంటే 3/16 బిట్‌తో తలను మాత్రమే కొరకండి, తల ఊడగానే ఆపేయండి. కోడిగుడ్డులా సాగిన బెజ్జంలో కొత్త రివెట్ కొడితే నెల తిరక్కుండా మళ్లీ ఊగుతుంది. బేస్‌ను కొంచెం తిప్పి లేదా జరిపి గట్టి ప్లాస్టిక్‌లో కొత్త బెజ్జాలు పెట్టుకోవాలి, పాతవాటిని వెల్ నట్‌తో మూసేయాలి. వెల్ నట్ కిట్ నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే.

చేయి అందే చోట అయితే బోల్టు, నట్, వెనక పలక. దీనికి సాటి వచ్చేది మరొకటి లేదు. కావలసినవి: నాలుగు 316 స్టెయిన్‌లెస్ ఎం5 (5 మి.మీ.) బోల్టులు, నాలుగు నైలాక్ నట్లు (లోపలి నైలాన్ వలయం వల్ల వదులు కానివి), 15 మి.మీ. వెడల్పు వాషర్లు నాలుగు, నీళ్లు ఆపే జిగట బ్యూటైల్ టేపు, వంటింట్లో కూరగాయలు తరిగే 6 మి.మీ. ప్లాస్టిక్ బోర్డు ముక్క. ఉప్పునీళ్లలో 304 రకానికి తుప్పు మచ్చలు వస్తాయి, మంచినీటి చెరువుకైతే అదీ చాలు. అమెరికాలో మెరైన్ దుకాణంలో ఇవన్నీ విడిగా దొరుకుతాయి. మన వైపు సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి బోల్టుల బజారులో 316 అని నోరు తెరిచి అడగాలి, ఊరికే స్టీలు బోల్టు అంటే 304 చేతిలో పెడతారు. బోల్టు పొడవుకు ఒక కూడిక: బేస్ 8, డెక్ 5, టేపు 2, పలక 6, వాషర్ 1.2, నట్ 5. మొత్తం 27.2 మి.మీ. నట్ దాటి రెండు మూడు మి.మీ. మర బయటికి రావాలి కాబట్టి 30 మి.మీ. బోల్టు. మీ బేస్ కొలిచి ఇందులో మొదటి అంకె మార్చుకోండి.

పలకను బేస్ కన్నా చుట్టూరా 20 మి.మీ. పెద్దదిగా కోయండి. మూలలు గుండ్రంగా అరగదీయాలి, పదును మూల ఉంటే డెక్ అక్కడే చీలుతుంది. డెక్ వంపుగా ఉంటే పలకకూ దానికీ మధ్య 3 మి.మీ. నియోప్రీన్ షీటు పరిచి, ఆ మూడునూ పొడవులో కలపండి. పాత సిలికాన్‌ను ప్లాస్టిక్ గరిటెతో గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. డ్రిల్ చేసేముందు కింద చుక్కాని తీగలు లేవని చేత్తో తడిమి చూసుకోండి. 5.5 మి.మీ. బిట్‌ను నెమ్మదిగా తిప్పాలి, వేగం పెంచితే ప్లాస్టిక్ తెగడానికి బదులు కరిగి బిట్‌కు చుట్టుకుంటుంది. ఒక బెజ్జం చేసి బోల్టు దించి, ఎదురు మూలది తర్వాత చేయండి. నాలుగూ ఒకేసారి గుర్తుపెట్టి చేస్తే ఒకటైనా పక్కకు పోతుంది.

బ్యూటైల్ టేపును బేస్ అడుగున పరచండి, ప్రతి బోల్టు తల కిందా సన్నగా చుట్టండి. బెజ్జం పై అంచును పెద్ద బిట్‌తో రెండు చుట్లు తిప్పి కొంచెం చెక్కితే టేపు ఆ గుంటలో కూర్చుని నీళ్లను ఆపుతుంది. బోల్టు తలను కదలనివ్వకుండా పట్టుకుని, లోపలి నుంచి నట్‌నే తిప్పండి. బోల్టును తిప్పితే టేపు మెలితిరిగి చిరుగుతుంది. ఎదురెదురు మూలలుగా, కొద్దికొద్దిగా, చేతి స్పానర్‌తోనే. పవర్ డ్రిల్‌తో బిగిస్తే స్టెయిన్‌లెస్ మర వేడెక్కి నట్‌తో అతుక్కుపోతుంది, ఆ తర్వాత కోసి తీయడమే గతి. మరకు ముందే కాస్త గ్రీజు రాస్తే ఆ బాధ ఉండదు. టేపు రాత్రంతా ఒదుగుతుంది కాబట్టి మర్నాడు ప్రతి నట్‌నూ ఇంకో పావుచుట్టు బిగించండి. థ్రెడ్ లాకర్ ద్రవం వద్దు. నైలాక్ నట్‌కు దాని అవసరం లేదు, పైగా పాలీకార్బొనేట్, ఏబీఎస్ భాగాలకు తగిలితే అవి పగుళ్లిస్తాయి.

జిగురు మాట తరచూ వస్తుంది కాబట్టి ఒక ముక్క. పాలిథిలీన్‌కు మామూలు సూపర్ గ్లూ, సిలికాన్, మామూలు ఎపాక్సీ పట్టవు, మైనం మీద అంటించినట్టే. వెస్ట్ సిస్టమ్ వాళ్ల జి/ఫ్లెక్స్ 655 అనే ఎపాక్సీ పడుతుంది, అదీ ఉపరితలాన్ని టార్చి మంటతో చకచకా తడిమాక. చీలిక పూడ్చడానికి అది మంచిది. హోల్డర్ బరువు మోయడానికి దాని మీద ఆధారపడకండి.

చేయి అందదు, ట్రోలింగ్ మానలేం అంటే హోల్డర్‌ను అక్కడే బతికించాలని పట్టుపట్టకండి. డెక్ అంచున పొడవాటి ట్రాక్ (గాడి ఉన్న పట్టీ) వేసి, దానికి వరసగా ఐదారు మడత రివెట్లు కొట్టి, హోల్డర్‌ను ట్రాక్ మీదకు మార్చండి. మెలి ఒక్క ఐదు సెంటీమీటర్ల బేస్ మీద కాక ట్రాక్ పొడవునా పంచుకుంటుంది. వర్జీనియాలోని యాక్‌అటాక్ కంపెనీ గేర్‌ట్రాక్ ఇలాంటిదే.

పని అయ్యాక పరీక్ష చేయకుండా నీళ్లలోకి వెళ్లకండి. పలక కింద పొడి టిష్యూ కాగితం పెట్టి, పైన గొట్టంతో ఐదు నిమిషాలు నీళ్లు వదలండి, కాగితం తడవకూడదు. తర్వాత హోల్డర్‌లో గట్టి కర్ర గుచ్చండి, బేస్ నుంచి మీటరు దూరంలో దానికి ఇండియా ప్రయాణాలకు సూట్‌కేసు తూచే కొక్కెం తక్కెడ తగిలించి, కర్రకు అడ్డంగా ఆరు కిలోల దాకా లాగండి. పైన లెక్కలో వచ్చిన మెలి అదే. డెక్ మొత్తంగా కొంచెం వంగితే ఫర్వాలేదు. బేస్ ఒక అంచున లేచి కింద టేపు కనబడితే ఆ మూల నట్ విప్పి, టేపు మార్చి మళ్లీ బిగించండి.