సాల్టేర్‌లో మా రాతి ఇల్లు: ‘ఇ’ నుంచి ‘డి’కి వచ్చి, కొన్ని చలికాలాలు గడిచాక

ఇంటికి వెచ్చదనం తెచ్చిన పనులు వేరు, ఈపీసీ, అంటే ఇంటి ఇంధన పొదుపుకు గ్రేడు ఇచ్చే సర్టిఫికెట్, మీద మార్కులు తెచ్చిన పనులు వేరు. రెండింటికీ కలిసొచ్చినవి రెండో మూడో. బ్రిటన్‌లో పాత ఇల్లు కొన్న మనవాళ్లు, అందులోనూ లిస్టెడ్ ఇల్లు, అంటే కాపాడాల్సిన పాత కట్టడంగా చట్టప్రకారం జాబితాకెక్కిన ఇల్లు, కొన్నవాళ్లు, నన్ను మొదట అడిగేది ‘సి గ్రేడు రావాలంటే ఎంతవుతుంది?’ అని. మాకు ఇంకా సి రాలేదు. అయినా ఇల్లు మాత్రం ఇప్పుడు హాయిగా ఉంది. ఆ తేడా ఎక్కడ వచ్చిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ముందు ఇంటి సంగతి. సాల్టేర్ బ్రాడ్‌ఫర్డ్ దగ్గర ఎయిర్ నది ఒడ్డున ఉంటుంది. టైటస్ సాల్ట్ అనే ఉన్ని మిల్లు యజమాని 1853లో పెద్ద మిల్లు తెరిచి, పనివాళ్ల కోసం చుట్టూ ఊరే కట్టించాడు. చాలా వీధులకు తన పిల్లల పేర్లే పెట్టాడు. 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఇళ్లలో ఎక్కువ భాగం గ్రేడ్ టూ లిస్టెడ్. మాది 1860ల నాటిది. రెండు పక్కలా వేరేవాళ్ల గోడలు ఆనుకుని ఉంటాయి, కాబట్టి చలి తగిలేది ముందు గోడకీ వెనక గోడకీ మాత్రమే. గోడ లోపల రెండు పొరల మధ్య ఖాళీ ఉండదు, మొత్తం ఇసుకరాయీ సున్నమూ. పైన స్లేట్ పలకల కప్పు, కింద చిన్న సెల్లారు, పైకీ కిందికీ జారే చెక్క సాష్ కిటికీలు.

లిస్టెడ్ అంటే ఇంటి స్వరూపం మారే ఏ పనికైనా ముందుగా కౌన్సిల్ అనుమతి తీసుకోవాలి. లోపలి పనులకు కూడా. 1990 నాటి చట్టం ప్రకారం అనుమతి లేకుండా చేస్తే అది నేరం, జరిమానాతో వదిలేసే చిన్న తప్పు కాదు. అయితే ఆ దరఖాస్తుకు ఫీజు ఉండదు. ఈ సంగతి చాలామందికి తెలియక, భయపడి అసలు అడగనే అడగరు.

ఇక ఈపీసీ. ఇంటికి 1 నుంచి 100 దాకా మార్కులు వేస్తారు. 39 నుంచి 54 వరకు ఇ, 55 నుంచి 68 వరకు డి, 69 నుంచి 80 వరకు సి. ఆ మార్కు ఇంటి వెచ్చదనాన్ని కొలవదు. ఆ ఇంటిని ఒక సగటు కుటుంబం వేడిగా ఉంచుకుంటే ఏడాదికి ఎంత ఖర్చవుతుందన్నది లెక్క కట్టి చెబుతుంది. మీరు ఎలా బతుకుతున్నారు, బిల్లు ఎంత వస్తోంది, కర్టెన్లు ఎంత మందం, ఇవేవీ దానికి పట్టవు. మేం కొన్నప్పుడు సర్టిఫికెట్‌లో 48 ఉంది, ఇ గ్రేడు. కింద సలహాల జాబితాలో మొదటిది ‘గోడలకు లోపలో బయటో ఇన్సులేషన్, 4,000 నుంచి 14,000 పౌండ్లు’. తర్వాత డబుల్ గ్లేజింగ్. ప్రపంచ వారసత్వ వీధిలో ముందు గోడ మీద థర్మాకోల్ అట్టలు అంటించి ప్లాస్టర్ పూయమని ఏ ఇంజనీరూ చెప్పడు. కంప్యూటరే చెబుతుంది, దానికి వీధి కనిపించదు కాబట్టి.

కిటికీల దగ్గర ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఎక్కువ డబ్బు అక్కడే పెట్టాం, ఎక్కువ సంతోషమూ అక్కడే దొరికింది. పాత సాష్‌లను పీకి డబుల్ గ్లేజింగ్ పెట్టడానికి ఇక్కడ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. ఆ కిటికీల చెక్క నూటయాభై ఏళ్లు దాటినా పుచ్చలేదు. అందుకని లోపలి వైపు సెకండరీ గ్లేజింగ్ పెట్టించాం. అంటే పాత కిటికీ అలాగే ఉంటుంది, దానికి ఇవతల గదివైపు సన్నటి అల్యూమినియం ఫ్రేములో ఇంకో అద్దం, అదీ పైకీ కిందికీ జారుతుంది. వేడిని గదిలోకే తిప్పికొట్టే లో-ఇ పూత ఉన్న అద్దం తీసుకున్నాం. పని మొదలుపెట్టక ముందే కౌన్సిల్‌కు డ్రాయింగులు పంపి రాతపూర్వకంగా అభ్యంతరం లేదనిపించుకున్నాం.

ఫలితం రెండు రకాలుగా వచ్చింది. ఒకటి, కిటికీ పక్కన సోఫాలో కూర్చుంటే మెడ మీద పడే చల్లగాలి పోయింది. రెండు, లీడ్స్ వైపు వెళ్లే రైళ్ల చప్పుడు సగానికి సగం తగ్గినట్టనిపించింది. రెండు అద్దాల మధ్య దూరం ఎక్కువగా, సుమారు వంద మిల్లీమీటర్లు ఉంటే శబ్దానికి మంచిది. మా గోడల మందం వల్ల ఆ దూరం సులువుగానే దొరికింది. లోపాలూ ఉన్నాయి. అద్దం తుడవాలంటే రెండు పొరలు తియ్యాలి. కిటికీ గూట్లో కొత్తిమీర కుండీ పెట్టుకునే చోటు పోయింది. ఇంకోటి ముఖ్యం: లోపలి అద్దం చుట్టూ బిగువుగా ఉండాలి, బయటి పాత సాష్‌లో మాత్రం కాస్త సందు వదలాలి. రెండూ బిగించేస్తే మధ్యలో చిక్కిన తేమకు దారి ఉండదు, పొద్దున్నే బయటి అద్దమంతా నీళ్లు కారుతుంది. మా వీధిలో ఒకరింట్లో అలాగే అయింది.

వెనక గదులకు ఆ ఖర్చు పెట్టలేదు. బరువైన, లోపల మందపాటి లైనింగు ఉన్న కర్టెన్లు, ఒక గదికి చెక్క షట్టర్లు. పాత కట్టడాల సంగతి చూసే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ కోసం గ్లాస్గో కలెడోనియన్ యూనివర్సిటీ చేసిన పరీక్షల్లో పాత సాష్ కిటికీకి బరువైన కర్టెన్ వేస్తే వేడి నష్టం సుమారు 40% తగ్గుతుందనీ, షట్టర్లు మూస్తే 60% దగ్గరికి వస్తుందనీ తేలింది. చీకటి పడగానే మూసేస్తే చాలు. ఈపీసీలో మాత్రం కర్టెన్‌కూ షట్టర్‌కూ సున్నా మార్కులు. సెకండరీ గ్లేజింగ్‌కు మార్కులు ఇస్తారు.

పెద్ద పనుల్లో అటక పని అన్నింటికంటే చవక, మార్కులూ దానికే ఎక్కువ వచ్చాయి. అంతకుముందు అక్కడ నలిగిపోయిన పలచటి దూది లాంటిది ఏదో ఉండేది. ఇప్పుడు 270 మిల్లీమీటర్ల మందం. మేం గొర్రె ఉన్ని వాడాం. మామూలు మినరల్ ఊల్ కంటే ఖరీదు ఎక్కువే, ఉన్ని మిల్లు ఊళ్లో అదో ముచ్చట అనుకోండి. మార్కుల్లో రెండింటికీ తేడా ఉండదు. ఈ పని చేయించేవాళ్లు రెండు చూసుకోవాలి. చూరు దగ్గర గాలి ఆడే సందు మూసెయ్యకూడదు, మూస్తే కప్పు చెక్కలకు చెమ్మ పడుతుంది. ఇన్సులేషన్ వేశాక అటక మునుపటికన్నా చల్లబడుతుంది కాబట్టి అక్కడున్న నీళ్ల పైపులకు కూడా తొడుగు వెయ్యాలి. ఇంకో మాట, అటకలో గబ్బిలాలు ఉంటే పని ఆపాలి. వాటికి ఇక్కడ చట్టరక్షణ ఉంది, నిపుణుల్ని అడగకుండా కదిలించకూడదు. మాకు ఆ అదృష్టం పట్టలేదు.

పొయ్యి గూళ్లు రెండున్నాయి, ఒకటీ వాడం. పొగగొట్టంలో ఉన్నితో చేసిన బిరడా దూర్చాం. ముప్పై పౌండ్ల చిల్లరతో వచ్చిన ఆ వస్తువు ఇచ్చిన సుఖం బాయిలర్ కూడా ఇవ్వలేదంటే అతిశయోక్తి అనుకోరు కదా. పూర్తిగా సీలు చెయ్యకూడదు, గొట్టంలో కొంచెం గాలి కదలాలి.

ఇప్పుడు గోడలు. మా అత్తయ్యగారు రాజమండ్రి నుంచి డిసెంబరులో వచ్చి వెనక పడగ్గదిలో ఉన్నారు. థర్మామీటరు 20 డిగ్రీలు చూపిస్తున్నా శాలువా తియ్యలేదు. ‘హీటరు వెచ్చగానే ఉందమ్మా, గోడే చలి కక్కుతోంది’ అన్నారు. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. గాలి వెచ్చగా ఉన్నా పక్కనున్న గోడ చల్లగా ఉంటే ఒళ్లు దానికి వేడిని పోగొట్టుకుంటుంది. ఆ గోడకు పాత యజమానులు లోపల జిప్సమ్ ప్లాస్టరూ ప్లాస్టిక్ పెయింటూ, బయట రాళ్ల సందుల్లో సిమెంటూ వేయించారు. సున్నం గోడ తేమను పీల్చుకుంటుంది, ఎండకీ గాలికీ వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. తడిసిన గోడ పొడి గోడకన్నా ఎక్కువ వేడిని బయటికి వదిలేస్తుంది కాబట్టి ఇక్కడ మొదటి ఇన్సులేషన్ అంటే గోడను ఆరనివ్వడమే.

అనుమతి తీసుకుని ఆ ఒక్క గోడకు లోపల ప్లాస్టరు చెక్కించి, నలభై మిల్లీమీటర్ల చెక్కనార పలకలు పెట్టించి, పైన సున్నం ప్లాస్టరు వేయించాం. మేస్త్రీ సున్నం కలుపుతుంటే మా ఆయన పక్కనే నిలబడి, వాళ్ల తాతగారింటి గోడలకు వాడిన డంగు సున్నం గురించి అతనికి చెబుతూ ఉండిపోయారు. ఇద్దరికీ బాగా కుదిరింది. పలకలు మరీ మందంగా పెట్టొద్దని ఆ మేస్త్రీయే హెచ్చరించాడు. ఎంత మందం పెడితే అసలు రాతిగోడ అంత చల్లబడి, అంత తడిగా ఉంటుందట. ఇప్పుడు ఆ గదిలో బూజు లేదు, 18 డిగ్రీలు చాలు. పాయింట్లు? ఒక్క గోడే కాబట్టి నామమాత్రం.

గోడల లెక్క మీద ఒక మాట. మధ్యలో ఖాళీ లేని పాత ఇటుక గోడలన్నిటికీ యూ విలువ, అంటే వేడి ఎంత త్వరగా కారిపోతుందో చెప్పే అంకె, 2.1 అని ఈపీసీ లెక్కలో పెట్టుకునేవారు. నిజం గోడలకు మీటరు పెట్టి కొలిచి చూస్తే అంత లేదని తేలింది. 2017లో దాన్ని 1.7కు దించారు. అంటే గోడలు అప్పటికి ఎలా ఉన్నాయో అలాగే ఉండగా కాగితం మీద మెరుగయ్యాయి. మీ సర్టిఫికెట్ అంతకుముందుదైతే, ఏమీ చెయ్యకుండానే కొత్తది కాస్త మెరుగ్గా రావచ్చు. పదేళ్ల గడువు ఉంది కదా అని పాతదాన్నే పట్టుకుని కూర్చోకండి.

సెల్లారు పైకప్పు, అంటే ముందుగది నేల కింద, దూలాల మధ్య చెక్కనార దూర్చి వలతో పట్టించాం. పాదాలకు తేడా తెలిసింది. బయటి గోడలో గాలి ఆడటానికి పెట్టిన చిల్లుల ఇటుకలు మూయలేదు.

ఇల్లు బిగిసేకొద్దీ గాలి సంగతి చూసుకోవాలి, మన వంటిల్లు ఉన్న ఇంట్లో ఇంకా ఎక్కువ. కుక్కరు కూతలూ ఇడ్లీ పాత్ర ఆవిరీ హాల్లో ఆరేసిన బట్టలూ కలిస్తే తేమ 70% దాటడం మాకు మామూలే. అందుకని స్నానాలగదిలో నెమ్మదిగా రోజంతా తిరిగే ఫ్యాను, వంటింట్లో బయటికి గొట్టం ఉన్న చిమ్నీ పెట్టించాం. లోపలే తిప్పి మళ్లీ లోపలికే వదిలే చిమ్నీ వాసన తగ్గిస్తుందేమో గానీ ఆవిరి తగ్గించదు. ఈ పనికి అయిన ఖర్చు మార్కుల్లో కనిపించదు, గోడల మీద కనిపిస్తుంది.

హీట్ పంప్, అంటే బయటి గాలిలోని వేడిని కరెంటుతో ఇంట్లోకి లాగే యంత్రం, పెట్టలేదు. ప్రభుత్వం 7,500 పౌండ్లు ఇస్తుంది, అయినా లిస్టెడ్ ఇంటి ఆవరణలో పెట్టాలంటే ప్లానింగ్ అనుమతి కావాలి. మా వెనక వాకిలి రెండు చెత్త డబ్బాలకే ఇరుకు. పైగా మార్కులు ఖర్చు మీద ఆధారపడ్డాయి. ఇక్కడ యూనిట్ కరెంటు గ్యాస్ కంటే కొన్ని రెట్లు ఎక్కువ ధర. అందుకని పర్యావరణానికి మేలు చేసే యంత్రం పెట్టినా ఆ మేలంతా గ్రేడులో కనపడదు. రేడియేటర్లకు విడివిడి వాల్వులు, గది థర్మోస్టాట్ పెట్టించడం మాత్రం చెయ్యండి, డబ్బు తక్కువ, పాయింట్లు ఖాయం.

పన్నుల్లో కూడా ఇలాంటి తమాషానే. ఇన్సులేషన్, సందులు మూసే పట్టీలు, హీటింగ్ కంట్రోళ్లు మనిషిని పెట్టి బిగించుకుంటే 2022 ఏప్రిల్ నుంచి 2027 మార్చి దాకా వ్యాట్ సున్నా. సెకండరీ గ్లేజింగ్‌కూ కర్టెన్ లైనింగుకూ పూర్తి 20%. లిస్టెడ్ ఇళ్లకు అనుమతి పొందిన మార్పుల మీద ఒకప్పుడు ఉన్న వ్యాట్ మినహాయింపు 2012లోనే తీసేశారు. కొటేషన్లు అడిగేటప్పుడు పనులను విడివిడిగా రాయించుకోండి.

కొత్త సర్టిఫికెట్‌కు వచ్చిన అసెసర్ మర్యాదస్తుడే గానీ గోడలోకి చూడలేడు కదా. కంటికి కనిపించనిదానికి కాగితం లేకపోతే, ఇంటి వయసును బట్టి ఉండాల్సిందేదో అదే రాసుకుంటాడు. మేం ప్రతి పనికీ ఇన్వాయిస్, పలకల పేరూ మందమూ కనిపించేలా టేపు పెట్టి తీసిన ఫొటోలు ఒక ఫోల్డర్లో ఉంచాం. నేల కింది ఇన్సులేషన్, గోడ పలకలు ఆ ఫోల్డర్ వల్లే లెక్కలోకి వచ్చాయి. కొత్త మార్కు 64, డి గ్రేడు. సికి ఇంకా ఐదు తక్కువ.

ఇల్లు అద్దెకు ఇద్దామనుకునేవాళ్లకు ఈ ఐదు ముఖ్యం కావచ్చు. ఇంగ్లండ్‌లో 2020 నుంచి అద్దె ఇంటికి కనీసం ఇ ఉండాలి, 2030 నాటికి సి చెయ్యాలన్న ప్రతిపాదనను ప్రభుత్వం 2025లో చర్చకు పెట్టింది. లిస్టెడ్ ఇంటి స్వరూపం చెడే పరిస్థితి ఉంటే మినహాయింపు అడగొచ్చు, కానీ ‘లిస్టెడ్ కదా, నాకు వర్తించదు’ అని మీ అంతట మీరే అనుకోవద్దు. ఉండటానికి కొనుక్కున్నవాళ్లు మాత్రం ముందు పొగగొట్టం, అటక, కర్టెన్లు, ఆ తర్వాత కిటికీలు, చివర్లో గోడలు ఈ వరసలో వెళ్లండి. డబ్బు మధ్యలో అయిపోయినా ఇల్లు అప్పటికే బాగుపడి ఉంటుంది.

మాకు మిగిలింది వెనక గోడ బయటి సిమెంటు చెక్కించి సున్నం పట్టించడం. దానికి ఒక్క మార్కు రాదు. సున్నం పని తెలిసిన మేస్త్రీ వచ్చే వేసవి దాకా ఖాళీ లేడు, మంచులో సున్నం పట్టదు కాబట్టి ఎలాగూ ఆగాల్సిందే.