గ్లోబల్ లీగల్ హిస్టరీ పీహెచ్‌డీ: థీసిస్ ప్రైజా, ఆర్టికల్ ప్రైజా, ఏది మేలు?

డిగ్రీ చేతికి రాగానే అందరూ అడిగేది ఇదే: థీసిస్ మొత్తాన్ని డిసర్టేషన్ ప్రైజ్‌కి పంపాలా, ఒక చాప్టర్‌ని ఆర్టికల్‌గా మలిచి ఆర్టికల్ ప్రైజ్‌కి ప్రయత్నించాలా? నా ఓటు ముందు థీసిస్‌కే.

దేశాల సరిహద్దులు దాటి చట్టాలు, కోర్టులు ఎలా ముడిపడ్డాయో చూసే ఈ రంగంలో థీసిస్ బలమంతా చోటుకీ చోటుకీ మధ్య ఉన్న లింకుల్లోనే ఉంటుంది. తూర్పు ఆఫ్రికా తీరంలోని జాంజిబార్ దీవి సంగతే తీసుకోండి. అక్కడి బ్రిటిష్ కాన్సులర్ కోర్టు (బ్రిటన్ కాన్సుల్, అంటే అక్కడి బ్రిటన్ ప్రతినిధి, నడిపే కోర్టు) తీర్పు మీద అప్పీలు సముద్రం దాటి బొంబాయి హైకోర్టుకి వెళ్లేది, పైగా 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ అక్కడ కూడా అమలైంది. ఇలాంటి టాపిక్ ఎత్తుకున్నవాళ్లు జాంజిబార్, ముంబై, లండన్ మూడు చోట్లా ఫైళ్లు తిరగేసి, ఒకచోట సాక్షి వాంగ్మూలం, ఇంకోచోట అప్పీలు తీర్పు దొరికితే రెండూ ఒకే కేసువని తేల్చుకోవాలి. అంత కష్టపడ్డాక జాంజిబార్ చాప్టర్ ఒక్కటే కోసి పత్రికకు పంపితే, చదివేవాళ్లకి అదొక దీవిలోని కోర్టు కథగానే కనబడుతుంది, బొంబాయి సంగతంతా ఫుట్‌నోట్లలోకి పోతుంది. థీసిస్ ప్రైజ్ కమిటీ ముందుకైతే ఆ అల్లిక మొత్తం వెళ్తుంది.

గడువు సంగతి కూడా ఉంది. థీసిస్ ప్రైజ్‌లు సాధారణంగా ఈమధ్య పూర్తయిన థీసిస్‌లనే తీసుకుంటాయి, ఆ ఏడాది దాటితే మళ్లీ అవకాశం ఉండదు. ఆర్టికల్ తర్వాతైనా రాసుకోవచ్చు.

అయితే మీ చాప్టర్ ఒకటి నిజంగా తన కాళ్ల మీద తను నిలబడగలిగితే ఆర్టికల్ దారి మంచిదే. అమెరికన్ సొసైటీ ఫర్ లీగల్ హిస్టరీ వాళ్ల జేన్ బర్బ్యాంక్ ప్రైజ్ గ్లోబల్ లీగల్ హిస్టరీ ఆర్టికల్స్ కోసమే పెట్టింది. ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లకి అచ్చయిన ఆర్టికల్ వెంటనే పనికొస్తుంది కూడా, అది కాదనలేను.

థీసిస్ ప్రైజ్ అనగానే కళ్లు మూసుకుని పంపేయకండి. క్రామ్‌వెల్ ఫౌండేషన్ డిసర్టేషన్ ప్రైజ్ పేరున్నదే, కానీ అది అమెరికా న్యాయ చరిత్రకే పరిమితం. పుస్తకాల ప్రైజ్‌ల గురించి ఇప్పుడే టెన్షన్ పడక్కర్లేదు, పుస్తకం వచ్చాక చూసుకోవచ్చు.

పంపేటప్పుడు ఎక్కువ శ్రద్ధ సారాంశం మీద పెట్టండి. కమిటీలో మీ ప్రాంతం తెలిసినవాళ్లు ఒక్కరూ ఉండకపోవచ్చు, కాబట్టి ఆ లింకేమిటో మొదటి పేరాలోనే, ఒక్క కేసు పట్టుకుని చూపించండి.