కుక్క ట్రీట్లు ఏ కొట్లో కొంటున్నారు? గుంటూరు నుంచి ఒక సమీక్ష

మా ఇంట్లో రెండు కుక్కలు. బ్రూనో లాబ్రడార్, 30 కిలోలు ఉంటాడు, నోటికందింది నమలడం తెలీదు, మింగేయడమే. నల్లోడు బ్రాడీపేట లైన్లలో పుట్టి మా మెట్ల కింద చేరిన దేశవాళీ, 12 కిలోలు. వాడికి ఒక ముక్క ఇస్తే అరగంట దాన్ని పట్టుకుని కూర్చుంటాడు. అరండల్‌పేటలో నాది మందుల కొట్టు. ఏ ప్యాకెట్ చేతికొచ్చినా ముందు వెనక్కి తిప్పి బ్యాచ్ నంబరు, తయారైన నెల, గడువు చూడ్డం పొట్టకూటితో వచ్చిన అలవాటు. ఐదారేళ్లుగా గుంటూరులో దొరికే ట్రీట్లు, అంటే కుక్కల చిరుతిండి రకాలు దాదాపు అన్నీ, విజయవాడ వెళ్లినప్పుడు అక్కడి పెద్ద షాపుల్లోవి కొన్ని, ఆన్‌లైన్‌లో తెప్పించినవి మరికొన్ని వీళ్లిద్దరికీ పెట్టాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ట్రీటు మంచిదా కాదా అన్నది సగం కంపెనీ చేతిలో ఉంటే మిగతా సగం దాన్ని అమ్మే కొట్టు చేతిలో ఉంది. ఒకే కంపెనీ, ఒకే రకం ప్యాకెట్ ఒక చోట కొంటే బాగుంది, ఇంకో చోట కొంటే విప్పగానే ఎండుకొబ్బరి చెడినట్టు కనరు వాసన కొట్టింది. రెండిటికీ గడువు ఇంకా నెలలకొద్దీ ఉంది. తేడా ఎక్కడంటే, రెండో కొట్టువాడు వాటిని పడమటి ఎండ తగిలే అద్దం వెనక వేలాడదీశాడు. రోహిణి కార్తెలో ఆ అద్దం మీద చెయ్యి పెట్టలేం. లోపలున్నదేమో కొవ్వు పూసిన బిస్కెట్.

ఇక్కడ చట్టం సంగతి కొంత తెలుసుకోవాలి. మందుల కొట్టు పెట్టాలంటే డ్రగ్ లైసెన్సు కావాలి, ఫార్మసిస్టు ఉండాలి, ఇన్సులిన్‌కి ఫ్రిజ్ ఉండాలి, ఇన్‌స్పెక్టరు వచ్చి చూసిపోతాడు. మనుషులు తినే బిస్కెట్ ప్యాకెట్ మీద ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ల 14 అంకెల లైసెన్సు నంబరుంటుంది. కుక్కల బిస్కెట్ మీద అది ఉండాలన్న నియమం లేదు, ఎందుకంటే 2006 ఆహార భద్రతా చట్టం పశువుల దాణాని తన పరిధిలోకి తీసుకోలేదు. పెట్ ఫుడ్‌కి, వస్తువుల నాణ్యతా ప్రమాణాలు రాసే బీఐఎస్ వాళ్ల ప్రమాణం ఐఎస్ 11968 అని ఒకటుంది. మిగిలింది తూనికలు కొలతల వాళ్ల నియమం: తయారీదారు పేరు, చిరునామా, తయారైన నెల, బరువు, ఎమ్మార్పీ, ఫిర్యాదుకి ఫోన్ నంబరు ప్యాకెట్ మీద ఉండాలి. ఈ మాత్రం కూడా లేని సరుకు ఎంత చవకైనా నేను ముట్టుకోను.

ఆ లెక్కన మొదట కొట్టేయాల్సింది లూజు బిస్కెట్లు. పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో ఎముక ఆకారంలో ఎరుపు, నలుపు, తెలుపు రంగుల్లో పోసి కిలోల్లెక్కన అమ్ముతారే, అవి. చవక, పైగా కుక్కలకి తెగ నచ్చుతాయి. మొదట్లో నేనూ అవే కొనేవాణ్ణి. ఒక వానాకాలం తెచ్చిన సరుకు తిన్నాక ఇద్దరికీ ఒకే రోజు వాంతులు, విరేచనాలు. కొట్టుకెళ్లి ఏ కంపెనీదని అడిగితే కుర్రాడు, “లూజుకి కంపెనీ ఏందన్నా, మూట వస్తది, డబ్బాలో పోస్తం” అన్నాడు. పాత డబ్బా ఖాళీ అయ్యాక కడుగుతారా అంటే నవ్వాడు. అడుగున పాత పొడి, దాని మీద కొత్త మూట, మూత సగం తెరిచి. చీమలు పట్టడం దాచలేని సంగతి, అందరికీ కనిపిస్తుంది. నా భయం కనిపించని దాంతో.

గుంటూరు వాళ్లకి అఫ్లాటాక్సిన్ గురించి చెప్పక్కర్లేదనుకుంటాను. మిర్చి కల్లంలో సరిగ్గా ఆరకపోయినా, తేమ తగిలినా పట్టే బూజు, ఆ బూజు వదిలే విషం. యూరప్‌కి పోయే మిర్చిలో అది మొత్తం కలిపి 10 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో పది) దాటితే సరుకు వెనక్కొస్తుందని యార్డులో ఎవర్నడిగినా చెప్తారు. అదే బూజు మొక్కజొన్నకీ వేరుశనక్కాయకీ పడుతుంది, చవక రకం కుక్క బిస్కెట్లలో పడేవి కూడా ఈ గింజలే. వేడికి ఈ విషం సులువుగా చావదు, బిస్కెట్‌ని ఓవెన్లో కాల్చినా మిగులుతుంది. అమెరికాలో పెట్ ఫుడ్‌కి 20 పీపీబీ హద్దు. ఆ హద్దు ఉండి కూడా 2020 డిసెంబరులో అక్కడ ఒక కంపెనీ దాణా తిని పదుల కొద్దీ కుక్కలు చచ్చిపోతే సరుకంతా వెనక్కి తెప్పించారు. కుక్క తిండి మానేసి, మందకొడిగా పడి ఉండి, చిగుళ్లూ కంటి తెల్లగుడ్డూ పచ్చబడితే అది కాలేయం మీదికొచ్చిందని అర్థం. “రేపు చూద్దాంలే” అనుకునే జబ్బు కాదది. మిర్చికి మన ఊరి చుట్టూ అన్ని కోల్డ్ స్టోరేజీలు కట్టుకున్నాం, లూజు బిస్కెట్ మూట మాత్రం గోడవారన తేమ నేల మీద ఉంటుంది.

సీలు వేసిన బిస్కెట్ ప్యాకెట్లకి నా మార్కులు బాగానే ఉంటాయి, పైన చెప్పిన ఎండ అద్దం షరతుతో. చిన్న ప్యాకెట్లే కొంటాను. పెద్దది కొంటే కిలోకి కొంత కలిసొస్తుంది కానీ, విప్పాక మన గాలి తేమకి పదిహేను రోజుల్లో మెత్తబడుతుంది. స్టీలు డబ్బాలో విడిగా పోయను, కవరు పారేయకుండా కవరుతో సహా పెడతాను. బ్యాచ్ నంబరు పోతే రేపు ఎవరికి ఫోన్ చేసి ఏమని చెప్తాం?

చికెన్ జెర్కీ, చికెన్ స్టిక్కులు. ఇవి రెండూ ఒకటే అనుకుంటారు చాలామంది. జెర్కీ అంటే ఎండబెట్టిన మాంసం. కిలో బోన్‌లెస్ ఎండితే పావు కిలోకి కాస్త అటూ ఇటూ వస్తుంది, అందుకే నిజమైన జెర్కీ ఖరీదు. చవగ్గా దొరికే మెత్తటి స్టిక్కుల్లో సోయా, పిండి, గ్లిజరిన్, పంచదార, ఉప్పు, రంగు, కాస్త మాంసం ఉంటాయి. గ్లిజరిన్ తప్పేం కాదు, మెత్తగా ఉండటానికి వేస్తారు. కానీ “రియల్ చికెన్” అని ముందు పెద్దక్షరాల్లో వేసి, వెనక పదార్థాల వరసలో చికెన్‌ని నాలుగో చోట రాసే ప్యాకెట్‌కి ఆ ధర ఇవ్వడం నాకు నచ్చదు.

జెర్కీ మీద ఇంకో సంగతి. 2007 నుంచీ అమెరికాలో ఆహారం, మందుల మీద నిఘా పెట్టే ఎఫ్‌డీఏకి జెర్కీ తిన్న కుక్కలు జబ్బు పడ్డాయని వేల ఫిర్యాదులు వెళ్లాయి, వెయ్యికి పైగా చచ్చిపోయాయన్నారు. ఎక్కువ భాగం చైనాలో తయారైన చికెన్ రకాలు. ఏళ్ల తరబడి పరీక్షలు చేసినా కారణం ఇదీ అని తేల్చలేకపోయారు. కొన్ని కుక్కల్లో మాత్రం ఫాంకోనీ అనే కిడ్నీ జబ్బు కనిపించింది. రక్తంలో షుగరు మామూలుగానే ఉంటుంది, మూత్రంలో మాత్రం షుగరు పోతుంటుంది. కుక్క నీళ్లు విపరీతంగా తాగడం, మాటిమాటికీ ఉచ్చ పోయడం దాని గుర్తులు. జెర్కీ పెట్టే రోజుల్లో బ్రూనో నీళ్ల గిన్నె రెండుసార్లు ఖాళీ చేస్తున్నాడనిపిస్తే, మా కొట్లోని యూరిన్ స్ట్రిప్ ఒకటి తెచ్చి చూశాను, షుగరు లేదు, ఎండాకాలం దాహమే. ఆ స్ట్రిప్పు ఖర్చు పెద్దదేం కాదు, అనుమానమొస్తే ముందు అది చూసి డాక్టరు గారికి చెప్తే వాళ్లకీ పని తేలిక. ఇప్పుడు ప్యాకెట్ మీద తయారైన దేశం చూడకుండా జెర్కీ కొనను.

పచ్చితోలుతో ఎముక ఆకారంలో చేసే ముక్కల గురించి మా ఇంట్లో చర్చే లేదు, అవి ఇంట్లోకి రావు. తోలు మీది వెంట్రుకలు పోవడానికి సున్నం, సోడియం సల్ఫైడ్ పెడతారు, తెల్లబరచడానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడతారు, చివర ముడి కట్టి ఎండబెడతారు. రసాయనాలు బాగా కడిగేశారే అనుకుందాం. నానిన ముడి ఊడి ఒక్క ముక్కగా లోపలికి జారితే పేగులో ఉబ్బి అడ్డం పడుతుంది. మా వీధి చివర వాళ్ల బీగిల్‌కి అదే అయింది. మూడు రోజులు కక్కి కక్కి నీరసించాక గన్నవరం వెటర్నరీ కాలేజీకి పరిగెత్తారు, కడుపు కోసి తీశారు. బతికింది. బ్రూనో లాంటి మింగుడు రాయుళ్లకి అది అస్సలు పనికిరాదు.

చుర్పీ, అదే పాలతో చేసే హిమాలయన్ గట్టి ముక్క, నాకు ఇష్టమైన ట్రీటు. పదార్థాలు రెండు మూడే ఉంటాయి: పాలు, ఉప్పు, నిమ్మరసం. కిలో లెక్క చూస్తే మటన్ కంటే రెట్టింపు పైనే, ఒక ముక్క వారాలు వస్తుందని సర్దుకుంటాం. చిక్కు దాని గట్టితనంతోనే. నల్లోడికి పైదవడ పెద్ద పన్ను పెచ్చు ఊడింది దీంతోనే. విజయవాడలో చూపిస్తే డాక్టరు గారు ఒక చిట్కా చెప్పారు: ట్రీటు మీద గోరు గట్టిగా నొక్కి చూడండి, కాస్త కూడా దిగకపోతే అది పళ్లకి ఎక్కువ. చుర్పీ ఆ పరీక్షలో తప్పుతుంది. ఉడికించిన ఎముకలు, జింక కొమ్ములూ అంతే. అయినా మా ఆవిడ మిగిలిన తుక్కు ముక్కల్ని మైక్రోవేవ్‌లో పెడితే పొంగి మురమురాల్లా అవుతాయి, వాటిని ఇద్దరూ భయం లేకుండా తింటారు. అలా చుర్పీ మా ఇంట్లో బతికి బట్టకట్టింది.

పళ్ల కోసం అమ్మే డెంటల్ స్టిక్కుల విషయంలో ఒక్కటే చెప్తాను, కుక్క బరువుకి తగ్గ సైజు కొనండి. 10 కిలోల కుక్కకి చేసింది బ్రూనోకి వేస్తే నోట్లో ఒక్క క్షణం ఉండదు, పళ్లు శుభ్రపడేదెప్పుడు?

ఇంట్లో పిల్లలున్న వాళ్లకి: 2019లో అమెరికాలో కుక్కలకి పెట్టే ఎండు పంది చెవుల వల్ల మనుషులకే సాల్మొనెల్లా అనే బాక్టీరియా సోకింది. పచ్చి, ఎండు మాంసం ట్రీట్లు ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి, మా పాప పాకే రోజుల్లో అవి ఇంట్లోకే రానివ్వలేదు. షుగర్ ఫ్రీ అని రాసిన పీనట్ బటర్ వాడే బేకరీ ట్రీట్లతో కూడా జాగ్రత్త, అందులో పంచదార బదులు వేసే జైలిటాల్ ఉంటే కొద్దిగా తిన్నా కుక్క షుగరు పడిపోతుంది, కాలేయం దెబ్బతింటుంది. ఎండుద్రాక్ష, చాక్లెట్, ఉల్లిపొడి పడ్డవీ వద్దు.

కొలత సంగతి కూడా చెప్పాలి. ట్రీట్లు రోజు మొత్తం కేలరీల్లో పదో వంతు దాటకూడదంటారు డాక్టర్లు. బ్రూనో అంత కుక్కకి సుమారు 140 కేలరీలు, అంటే బిస్కెట్లు 40 గ్రాముల లోపే. నల్లోడికి అందులో సగం. త్రాసులో పెట్టి చూశాక మా అమ్మ, “ఇంతేనా, పిచ్చి సన్నాసులు” అని రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఇంట్లో ఉడికించిన కోడి ముక్క, ఎండబెట్టిన చిలగడదుంప ఉండగా కొనడం ఎందుకని అడుగుతారు. రోజూ అవే పెడతాం. గోళ్లు కత్తిరించేటప్పుడు, కారులో విజయవాడ వెళ్లేటప్పుడు, టీకా వేయించేటప్పుడు జేబులో పట్టేది కావాలి, దానికే కొంటాం. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆన్‌లైన్‌లో తెప్పించను, ఆ పార్సిల్ ఏ షెడ్డులో ఎన్ని రోజులుందో తెలీదు. సరుకు త్వరగా తిరిగే, లోపలి గదిలో ఫ్యాన్ కింద పెట్టి అమ్మే చిన్న షాపు ఒకటి బ్రాడీపేటలోనే దొరికింది. అక్కడ రకాలు తక్కువ, రేటులో తగ్గింపు ఉండదు. కొట్టు అబ్బాయి కూడా నన్ను చూడగానే, “కొత్త బ్యాచ్ రేపొస్తది సార్, రేపు రండి” అంటాడు. ఐదుకి నాలుగు నక్షత్రాలు ఆ షాపుకే ఇస్తాను, ఒకటి తగ్గించింది వాడు ఇంకా లూజు డబ్బా మానలేదని.