మెదడులో పోరు మేలా, మౌనం మేలా?

కుక్కకాటు గురించి ఎప్పుడు రాసినా రెండు ప్రశ్నలు తప్పకుండా వస్తాయి. మొదటిది: "రేబిస్ లక్షణాలు మొదలైన కొందరి రక్తంలో యాంటీబాడీలు దొరుకుతాయి కదా, మరి అవి ఎందుకు కాపాడలేవు?" రెండోది దాని వెనకే వస్తుంది: "వైరస్ మెదడుకు చేరాక అక్కడి రక్షణ కణాలు తిరగబడితే మేలా, లేక మెదడు వాచిపోయి ప్రాణం ఇంకా త్వరగా పోతుందా?" ఇన్నాళ్లూ ఎవరికి వారికి జవాబు రాస్తూ వచ్చాను. ఈసారి రేబిస్‌ను, దాని దగ్గరి చుట్టాలను పక్కపక్కన పెట్టి తూచి చూద్దాం.

ముందు రేబిస్. ఈ జబ్బుతో చనిపోయిన జంతువు మెదడులోంచి తీసిన పలుచని పొరను సూక్ష్మదర్శిని కింద చూస్తే, జబ్బు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది. చిన్నమెదడులోని పర్కింజీ కణం అనే పెద్ద నాడీకణం కొమ్మలన్నీ చాచుకుని, చెక్కుచెదరకుండా నిలబడి ఉంటుంది. దాని కడుపులో మాత్రం కుంకుమ చుక్కలా గుండ్రంగా, ఎర్రగా ఒకటి కనబడుతుంది. అదే 1903లో ఇటలీ వైద్యుడు అడెల్కి నెగ్రీ గుర్తించిన నెగ్రీ బాడీ, వైరస్ తన నకళ్లు తీసుకునే కార్ఖానా. ఆ కణం చుట్టూ తెల్లకణాలు మూగి ఉండాలి. ఉండవు. రక్తనాళాల పక్కన కొద్దిపాటి గుంపులు, అక్కడక్కడ మైక్రోగ్లియా అనే మెదడు కాపలా కణాలు ముడిపడిన జాడలు, అంతే. ఇంత ఘోరంగా ప్రాణం తీసిన జబ్బు ఇంత తక్కువ ఆనవాళ్లు మిగల్చడం ఎన్నిసార్లు చూసినా నన్ను కలవరపెడుతుంది.

ఈ మౌనం వైరస్ పని. దాని దగ్గర ఉన్నవి అయిదే ప్రోటీన్లు. వాటిలో 'పీ' అనే ప్రోటీన్, కణం ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరికను తయారు చేయకుండా అడ్డుపడుతుంది. ఎలాగో తయారైన హెచ్చరిక పక్క కణానికి వినపడకుండా కూడా చేస్తుంది. ఇవి దాటుకుని, వైరస్‌ల మీద పోరాడే తెల్లకణాలైన టీ కణాలు లోపలికి వచ్చినా, వైరస్ సోకిన నాడీకణం తన ఒంటి మీద పీడీ-ఎల్1 వంటి గుర్తులను నిలబెట్టి, వచ్చిన వాటినే చావు దారి పట్టిస్తుంది. ప్యారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో మోనిక్ లఫాన్ బృందం ఇది చూపించింది. పీడీ-ఎల్1 లేకుండా పుట్టించిన ఎలుకల్లో రేబిస్ మరణాలు తగ్గాయి. నాడీకణం బతికుండటమే ఈ వైరస్‌కు కావాలి, ఎందుకంటే అదే దాని బాట. కాటు పడ్డ చోటు నుంచి వెన్నుపాముకు, అక్కడి నుంచి మెదడుకు, చివరికి లాలాజల గ్రంథులకు అది వెళ్లేది నాడుల గుండానే.

ఇక దీనికి పూర్తి ఎదురుగా నిలిచేది చండీపురా. రేబిస్ కుటుంబమే, అదే తూటా ఆకారం. 1965లో నాగపూర్ దగ్గరి చండీపురాలో బయటపడింది. ఇసుక ఈగల ద్వారా వస్తుంది. తెలుగువారికి దీని పేరు పరిచయం చేయనక్కర్లేదు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, ముఖ్యంగా కరీంనగర్, వరంగల్ వైపు, 329 మంది పిల్లలకు మెదడువాపు వచ్చింది. వారిలో 183 మంది చనిపోయారు. పొద్దున జ్వరంతో లేచిన పిల్లవాడికి సాయంత్రానికి మూర్ఛలు వచ్చి స్పృహ తప్పేది. ఆసుపత్రిలో చేరిన రెండు రోజుల్లోపే పోయినవారు ఎంతోమంది. ఎలుకల్లో ఈ వైరస్‌ను పరిశీలిస్తే రేబిస్‌కు తలకిందుల చిత్రం కనబడుతుంది. మైక్రోగ్లియా కణాలు ఒక్కసారిగా రేగి నైట్రిక్ ఆక్సైడ్, టీఎన్ఎఫ్, ఐఎల్-6 వంటి వాపు రేపే పదార్థాలను కుమ్మరిస్తాయి, నాడీకణాలు వేగంగా చచ్చిపోతాయి. ఇల్లు తగలబెట్టి ఎలకను చంపినట్టు.

ఇక్కడిదాకా చదివినవారికి మౌనమే మేలనిపించవచ్చు. చాలాకాలం నేనూ అలాగే అనుకునేవాడిని. నా ఆలోచన మార్చింది మినోసైక్లిన్ కథ. ఇది పాత యాంటీబయాటిక్. దీనికి మైక్రోగ్లియాను చల్లబరిచే గుణం ఉంది. జపనీస్ మెదడువాపు సోకిన ఎలుకలకు ఇస్తే అవి ఎక్కువగా బతికాయి. అదే మందును రేబిస్ సోకిన ఎలుకలకు ఇస్తే మెదడులోకి వచ్చే టీ కణాలు తగ్గాయి, మరణాలు పెరిగాయి. జంతువుల్లో రేబిస్‌కు స్టెరాయిడ్లు ఇచ్చినప్పుడు కూడా ఇలాగే కీడే జరిగింది. మెదడువాపు అనగానే వాపు తగ్గించే మందు రాయడం చేతికి అలవాటైన వైద్యులు ఈ తేడాను బాగా గుర్తుపెట్టుకోవాలి.

నా దృష్టిలో మొత్తం విషయాన్ని తేల్చేది రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడ. అది సమయానికి తెరుచుకుందా, తెరుచుకుంటే లోపలికి ఎవరు వచ్చారు? ఫిలడెల్ఫియాలోని థామస్ జెఫర్సన్ విశ్వవిద్యాలయంలో ఎలుకలను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు బలహీనపరిచిన రేబిస్ వైరస్, మరో గుంపుకు గబ్బిలాల నుంచి వచ్చిన ప్రాణాంతక రేబిస్ వైరస్ ఎక్కించారు. రక్తంలో యాంటీబాడీలు రెండు గుంపుల్లోనూ తయారయ్యాయి. అయితే మొదటి గుంపులో అడ్డుగోడ కొంత వదులై టీ కణాలు, బీ కణాలు మెదడులోకి దిగాయి. బీ కణాలు అక్కడే కూర్చుని యాంటీబాడీలు తయారు చేశాయి, వైరస్ తుడిచిపెట్టుకుపోయింది, ఎలుకలు బతికాయి. రెండో గుంపులో గోడ బిగుసుకునే ఉంది. సైన్యం సిద్ధంగానే ఉన్నా కోట తలుపు తెరుచుకోలేదు. పాఠకుల మొదటి ప్రశ్నకు జవాబు ఇదే.

ఇందులోనే ఇంకో ముచ్చట ఉంది. సొంత మెదడు మీదే దాడి చేసుకునే స్వయం రోగనిరోధక జబ్బు సులువుగా వచ్చే ఎలుకల జాతి ఒకటుంది. మామూలుగా అది ఆ జాతికి శాపం. గబ్బిలాల రేబిస్ వైరస్ ఎక్కించినప్పుడు మాత్రం మిగతా జాతుల కంటే ఎక్కువగా బతికినవి ఆ ఎలుకలే. వాటి గోడ తేలిగ్గా వదులవుతుంది, అదే వాటిని కాచింది.

మరి గోడ తెరుచుకుంటే చండీపురా పిల్లల గతి పట్టదా? ఈ భయానికి కొంత ఊరట చండీపురాకు అన్నలాంటి వెసిక్యులర్ స్టొమటైటిస్ వైరస్ దగ్గర దొరుకుతుంది. ఇది ఎలుకల ముక్కు ద్వారా నేరుగా మెదడులోని వాసన కేంద్రానికి చేరుతుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 2020లో ఒక మంచి సంగతి బయటపెట్టారు. అక్కడికి వచ్చిన టీ కణాలు వైరస్ సోకిన నాడీకణాలను చంపుకుంటూ పోలేదు. వైరస్ ముక్కలను పట్టి చూపిస్తున్న మైక్రోగ్లియాతో మాట్లాడి, నాడీకణాలను బతకనిస్తూనే వైరస్‌ను వెళ్లగొట్టాయి. మైక్రోగ్లియాను ముందే తొలగించిన ఎలుకల్లో వైరస్ అదుపు తప్పింది. కొత్త నాడీకణాలు పుట్టడం దాదాపు లేని మెదడుకు తగిన పోరు ఇలాంటిది.

కాబట్టి నా మొగ్గు పోరు వైపే. పెందలాడే మొదలై, టీ, బీ కణాలను లోపలికి రానిచ్చే పోరు వైపు. చండీపురాలో గంటల వ్యవధిలో రేగే మంటను అదుపు చేయాల్సిందే, అందులో సందేహం లేదు. రేబిస్‌లో మాత్రం మౌనాన్ని కాపాడే ఏ వైద్యమూ నాకు సమ్మతం కాదు.

బయటి నుంచి ఇంటర్‌ఫెరాన్ ఎక్కించడం గురించి కొందరు అడిగారు. ప్రయత్నించారు, ఫలితం లేదు. 2004లో అమెరికాలోని మిల్వాకీలో ఒక బాలికను మత్తుకోమాలో ఉంచి బతికించిన పద్ధతి కూడా తర్వాతి రోగులలో వరసగా విఫలమైంది. ఆ బాలిక ఆసుపత్రికి వచ్చేనాటికే సొంత యాంటీబాడీలు తయారై ఉన్నాయి. బతకడానికి కోమా కంటే అదే ఎక్కువ కారణమని నా నమ్మకం. కాటు పడ్డ వెంటనే సబ్బుతో 15 నిమిషాలు కడగడం, వ్యాక్సిన్, అవసరమైన గాయాలకు ఇమ్యునోగ్లోబులిన్ (ముందే తయారైన యాంటీబాడీల మందు), ఈ మూడూ వైరస్ నాడిలోకి దూరకముందే దాన్ని పట్టుకుంటాయి. వీటితో పోల్చదగింది ఇంకేదీ లేదు.

లక్షణాలు మొదలయ్యాక ఆశ అనేది ఉందా అని అడిగేవారికి 2023లో వచ్చిన ఒక పరిశోధన చెబుతాను. ఆస్ట్రేలియా గబ్బిలాల్లో 1996లో బయటపడ్డ లిస్సావైరస్, రేబిస్‌కు అచ్చం తోబుట్టువు. అది సోకి జబ్బు లక్షణాలు కనబడుతున్న ఎలుకలకు ఎఫ్11 అనే మోనోక్లోనల్ (ప్రయోగశాలలో తయారు చేసిన ఒకే రకం) యాంటీబాడీని ఒక్క మోతాదు ఇచ్చారు. అవి కోలుకున్నాయి. టీ కణాల్లో ఒక రకమైన సీడీ4 కణాలను తీసేసిన ఎలుకలకు అదే మోతాదు ఇచ్చారు. వాటిని ఆ యాంటీబాడీ కాపాడలేకపోయింది.