‘స్టెప్ ఎంట్రీ’ ఉందని చెప్పే మ్యూజిక్ యాప్‌కు ఏడాది చందా కట్టే ముందు ఇది చదవండి

చెన్నైలో ఉంటూ ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో సొంతంగా ట్రాకులు తయారు చేసుకుంటున్న తెలుగువారికి, ముఖ్యంగా పిల్లలకు సంగీతం చెబుతూ వారి ఇంటి సాధనకు స్వరాలు వాయించి పంపాలనుకునే ఉపాధ్యాయులకు ఈ హెచ్చరిక రాస్తున్నాను. స్వరాలను ఒక్కొక్కటిగా, స్టెప్ తరువాత స్టెప్‌గా ఎక్కించుకోవచ్చని ప్రకటించిన ఒక యాప్‌కు నేను ఏడాది చందా కట్టాను. డబ్బు కట్టాక తెరుచుకున్న ఆ సదుపాయం చూస్తే, డ్రమ్ములు పేర్చుకోవడానికి పనికొచ్చే 16 గళ్ల పట్టీకి స్వరాల పేర్లు తగిలించి పెట్టారు. యాప్ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే లోపం, ఇదే అమ్మకపు తీరు వేరే పేర్లతో కూడా కనిపిస్తున్నాయి కాబట్టి, పేరు కంటే దాన్ని గుర్తుపట్టే ఆనవాళ్లు తెలియడమే కొనేవారికి మేలు చేస్తుంది.

స్టెప్ ఎంట్రీ అంటే నిజానికి ఏమిటో ముందు చెప్పాలి. మెట్రోనోమ్ కొట్టుకుంటూ ఉండగా తాళం తప్పకుండా వాయించి రికార్డు చేసే పద్ధతి ఇది కాదు. ముందు స్వరం నిడివి ఎంచుకుంటారు. తరువాత కీ నొక్కితే ఆ నిడివితో స్వరం పడి, కర్సర్ దానంతట అదే తరువాతి స్థానానికి జరుగుతుంది. ఖాళీ వదలడానికి ఒక బటన్, ముందు స్వరాన్నే పొడిగించడానికి మరొక బటన్, వెనక్కి వెళ్లి దిద్దుకోవడానికి ఇంకొకటి ఉండాలి. ఈ నాలుగూ కుదిరితేనే అది స్టెప్ ఎంట్రీ. గాజు తెర మీద వేళ్లకు ఒత్తిడి తెలియదు, చాలా ఫోన్లలో నొక్కిన క్షణానికీ శబ్దం వినిపించే క్షణానికీ మధ్య ఆలస్యం ఉంటుంది. అందువల్ల కీబోర్డు వాయించడం రాని గాత్ర విద్వాంసులకు ఫోన్‌లో స్వరాలు ఎక్కించడానికి ఇంతకన్నా నమ్మకమైన దారి లేదు. ఆ అవసరం చూసే ఈ మాటను ప్రకటనల్లో అంత పెద్ద అక్షరాలతో వేస్తున్నారు.

16 గళ్ల పట్టీ చెడ్డదని నేను అనడం లేదు. 1980లో వచ్చిన రోలాండ్ టీఆర్-808 డ్రమ్ యంత్రం మీద 16 బటన్లు వరుసగా ఉండేవి. నాలుగు దెబ్బల తాళంలో ఒక్కో దెబ్బను నాలుగు భాగాలు చేస్తే 16 వస్తాయి, ఆ లెక్క మీదే పాశ్చాత్య నృత్య సంగీతం ఎంతో నడిచింది. మరుసటి ఏడాది అదే కంపెనీ నుంచి వచ్చిన టీబీ-303 అనే బాస్ స్వరాల యంత్రంలో స్వరస్థాయిని ఒకసారి, నిడివిని మరొకసారి వేరువేరుగా ఎక్కించే ఏర్పాటు చేశారు. స్వరం పొడవుగా సాగాలంటే గళ్లు మాత్రమే చాలవని నలభై ఏళ్ల కిందటే తయారీదారులకు తెలుసునన్నమాట. ఇప్పటి ఫోన్ యాప్ నిడివి అనే ఆ రెండో భాగాన్ని వదిలేసి, స్వరస్థాయి అనే మొదటి భాగానికే పూర్తి పేరు పెట్టి అమ్మితే అది కొనేవారిని మోసపుచ్చడమే.

మన పాఠాలకు ఇది ఎక్కడ అడ్డం వస్తుందో చూడండి. సరళీ స్వరాలు, జంట స్వరాలు అనే తొలి పాఠాలు ఆది తాళంలో 8 అక్షరాలు, అంటే 8 తాళపు లెక్కలు, కాబట్టి 16 గళ్లలో చక్కగా సర్దుకుంటాయి. ప్రకటన వీడియోలో చూపించేదీ అలాంటి వరుసలనే. సప్త తాళాల అలంకారాలకు, అంటే ఏడు తాళాల్లో కట్టిన స్వర సాధనలకు, రాగానే కథ మారుతుంది. ధ్రువ 14 అక్షరాలు, మఠ్య 10, రూపక 6, ఝంప 10, త్రిపుట 7, అట 14, ఏక 4. ఈ ఏడింటిలో 16ను శేషం లేకుండా భాగించేది ఏక తాళం ఒక్కటే. తక్కినవాటికి పట్టీ పొడవును మార్చుకోగలగాలి. నేను కొన్న యాప్‌లో పొడవు మార్చే మీట కనిపిస్తుంది గాని, దాని మీద తాళంకప్ప గుర్తు ఉంటుంది. అది ఏడాది చందాలోనూ రాదు, ఇంకా పై ధర ప్లాన్‌లో ఉంది.

ఝంప తాళ అలంకారాన్నే ఉదాహరణగా తీసుకుందాం. తాళంలోని మూడు భాగాల్లో ‘స రి గ స రి స రి’ ఏడు అక్షరాల లఘువు, ‘గ’ ఒక్క అక్షరపు అనుద్రుతం, ‘మ ,’ రెండక్షరాల ద్రుతం. చివరి మధ్యమం రెండక్షరాల కాలం ఒకే ఊపిరిలో నిలవాలి, కామా గుర్తు చెప్పేది ఆ సాగతీతనే, అంటే కార్వనే. మాయామాళవగౌళ రాగంలో తొమ్మిది స్వరాలు ఎక్కించి పదో గడికి వచ్చేసరికి నాకు రెండే దారులు మిగిలాయి. పదో గడిలో మళ్లీ ‘మ’ పెడితే మధ్యమం రెండుసార్లు విడివిడిగా మోగుతుంది. ఖాళీగా వదిలితే మధ్యమం సగంలో తెగిపోయి నిశ్శబ్దం వస్తుంది. పొడిగింపు బటన్ ఎక్కడా లేదు. ఆపైన మిగిలిన ఆరు గళ్లూ ఖాళీగా నడుస్తాయి కనుక, ‘రి గ మ రి గ రి గ’ అని తరువాతి వరుస అందుకోవలసిన చోట పిల్ల ఆరక్షరాలు ఊరికే కూర్చోవాలి. చేత్తో తాళం వేస్తూ సాధన చేసే పిల్లకు ఇలాంటి ట్రాక్ ఇవ్వడం ఏమీ ఇవ్వకపోవడం కంటే హాని, ఎందుకంటే కార్వలో ఊపిరి ఆపే అలవాటు ఒకసారి పడితే దాన్ని మాన్పించడానికి చాలా కాలం పడుతుంది.

దిద్దుకోవడం మరింత కష్టం. వెనక బాణం నొక్కితే కర్సర్ మాత్రమే వెనక్కి రావాలని ఎవరైనా అనుకుంటారు. ఇందులో అది దాటివచ్చిన స్వరాలను చెరిపేస్తుంది. మధ్యలో ఒక స్వరం జారిపోయిందని గమనించి దాన్ని చేర్చబోతే, తక్కిన స్వరాలు ముందుకు జరగవు, కొత్త స్వరం పాతదాని మీద పడుతుంది. త్రిశ్ర గతి అసలే లేదు, ఒక అక్షరాన్ని మూడుగా విభజించే నిడివి జాబితాలోనే కనిపించదు. గమకాల, అంటే స్వరాన్ని ఊపి పలికించే తీరుల, విషయం నేను ఫిర్యాదులో చేర్చలేదు. స్టెప్ పద్ధతిలో స్వరం నిటారుగానే పడుతుంది, గమకం కావాలంటే స్వరస్థాయిని వంచే పిచ్ బెండ్ గీతను తరువాత చేత్తో గీయాలి, అది ఈ పద్ధతికే ఉన్న హద్దు.

చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచ్చీ స్ట్రీట్‌లో 25 కీల చిన్న మిడి కీబోర్డు (సంగీత పరికరాలు స్వరాల సమాచారం పంచుకునే పద్ధతిలో పనిచేసేది), దాన్ని ఫోన్‌కు కలిపే ఓటీజీ కేబులు కొని ఈ యాప్ కోసం సిద్ధమవుతున్న వారు కూడా కొంచెం ఆగండి. బయటి కీబోర్డు పనిచేస్తుందని యాప్ పేజీలో రాశారు, మామూలు రికార్డింగ్‌లో అది పనిచేస్తుంది కూడా. స్టెప్ తెరలోకి వెళ్లగానే మాత్రం కీలు మోగుతాయి గాని స్వరాలు గళ్లలో పడవు. తయారైన ట్రాక్‌ను మిడి ఫైలుగా బయటికి తీసుకోవాలంటే మళ్లీ వేరే రుసుము. మిడి 1983 నుంచి అన్ని కంపెనీలూ పంచుకుంటున్న ప్రమాణం. మనం ఎక్కించిన స్వరాలను ఆ రూపంలో మనకే అందకుండా పట్టి ఉంచే యాప్‌లో ఎంత పని చేసినా, చందా ఆగిన రోజున ఆ పని మన చేతిలో ఉండదు.

ఇక డబ్బు వసూలు చేసే తీరు. ఉచితంగా వాడి చూడమంటారు గాని, ముందే యూపీఐ ఆటోపే (ఖాతా నుంచి డబ్బు దానంతట అదే కట్ అయ్యే ఏర్పాటు) అనుమతి ఇస్తేనే తలుపు తెరుచుకుంటుంది. ఆ ఉచిత గడువులో స్టెప్ తెర బొమ్మ మాత్రమే కనిపిస్తుంది, నొక్కితే ‘ప్రీమియం’ అంటుంది. అంటే దేనికోసం కొంటున్నామో దాన్నే పరీక్షించే వీలు లేదు. ఉచిత సేవ కోసం చెల్లింపు వివరాలూ ఆటో డెబిట్ అనుమతీ బలవంతంగా తీసుకోవడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో వెలువరించిన మార్గదర్శకాలు ‘సబ్‌స్క్రిప్షన్ ట్రాప్’ కింద చేర్చాయి. అందులో పేర్కొన్న 13 రకాల మోసపు పద్ధతుల్లో ఇది ఒకటి. డబ్బు తిరిగి ఇమ్మని నేను రాస్తే, యాప్‌ను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయమని ఒక తయారు జవాబు వచ్చింది. నేను అడిగిన పొడిగింపు బటన్ గురించి అందులో ఒక్క మాట లేదు.

ఇలాంటి యాప్ దేన్నైనా కొనబోయే వారు ఉచిత గడువులోనే ఒక ఝంప అలంకారం వరుసను ఎక్కించి చూడండి. చివరి ‘మ’ తెగకుండా నిలుస్తుందా, పట్టీని 10 అక్షరాలకు కుదించగలమా, మధ్యలో ఒక స్వరం చేరిస్తే తక్కినవి జరుగుతాయా, ఆ ఫైలు మిడిగా బయటికి వస్తుందా అన్నవి కొద్దిసేపట్లోనే తేలిపోతాయి. ఆ తెరను తెరవనివ్వని యాప్‌కు డబ్బు కట్టకండి. ఇంట్లో కంప్యూటర్ ఉన్నవారికి మ్యూజ్‌స్కోర్ ఉచితంగా దొరుకుతుంది. అందులో ఎన్ కీతో స్వరాలు ఎక్కించే స్థితిలోకి వెళ్లి, అంకెలతో నిడివి, అక్షరాలతో స్వరం, సున్నాతో విరామం, టీ కీతో పొడిగింపు ఇవ్వవచ్చు. మిడి ఫైలూ వస్తుంది. పాశ్చాత్య స్వరలిపి చదవడం కొంచెం అలవాటు కావాలి, అంతే.

ఇప్పటికే డబ్బు పోయినవారు ఆలస్యం చేయకండి. గూగుల్ ప్లేలో కొని 48 గంటలు దాటకపోతే గూగుల్‌నే నేరుగా అడగవచ్చు, దాటితే యాప్ తయారీదారును అడగాలి. ఐఫోన్ వారికి ఆపిల్ వెబ్‌సైటులో సమస్య తెలిపే పేజీ ఉంది. యాప్‌ను ఫోన్‌లోంచి తీసేసినంత మాత్రాన చందా ఆగదు, స్టోర్‌లోని సబ్‌స్క్రిప్షన్ల పేజీలో రద్దు చేయాలి, యూపీఐ యాప్‌లో ఆటోపే అనుమతిని కూడా విడిగా తొలగించాలి. రిజర్వ్ బ్యాంక్ నియమం ప్రకారం డబ్బు తీసుకునే ముందు కనీసం 24 గంటలకు ముందే మీకు సమాచారం రావాలి. ఆ సందేశం వచ్చిందో లేదో వెతికి, స్టోర్ పేజీలోని ప్రకటన తెరపటం (స్క్రీన్‌షాట్)తో పాటు దాచుకోండి, ఎందుకంటే ఫిర్యాదు వెళ్లాక పేజీలోని మాటలు మారిపోవచ్చు. జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు. నేను నమోదు చేశాను; తయారీదారు నుంచి జవాబు ఏది వచ్చినా, డబ్బు తిరిగి వచ్చినా రాకపోయినా, దాన్ని ఈ రాత కిందనే చేరుస్తాను.