రోజ్‌వుడ్: సగం ఫాంట్‌తో రెండేళ్లు

రోజ్‌వుడ్ ఫాంట్ వాడటం మొదలుపెట్టి తొమ్మిదేళ్లయింది. అందులో మొదటి రెండేళ్లు సగం ఫాంటే వాడానని ఆలస్యంగా తెలిసింది.

ఇందులో రెగ్యులర్, ఫిల్ అని రెండుంటాయి. అంచు గీతలు, లోపలి నగిషీ అంతా రెగ్యులర్‌లోనే కనిపిస్తుంది కాబట్టి ఫాంటంటే అదే అనుకున్నాను. ఫిల్‌ని విడిగా టైప్ చేస్తే బోసిగా ఉంది, పక్కన పడేశాను. నిజానికి అది రెగ్యులర్ కింద పరవాల్సిన రంగు. ఒకే మాటని రెండుసార్లు ఒకదానిమీద ఒకటి పెట్టి, కిందదానికి ఇటుక రంగు, పైదానికి నలుపు ఇచ్చి చూశాను. అప్పటిదాకా సన్నగా, పొడిపొడిగా కనిపించిన అక్షరం ఒక్కసారిగా నిండుగా వచ్చింది.

ఈ కిటుకు పాతదే. అమెరికాలో విలియం పేజ్ కంపెనీ 1874లో రంగుల చెక్క అక్షరాల నమూనా పుస్తకం వేసింది. ఒక్కో రంగుకి ఒక్కో చెక్క దిమ్మ, కాబట్టి కాగితం రెండుసార్లు అచ్చుకి వెళ్లాలి. అంత పెద్ద సైజులో సీసం అక్షరాలు మోయలేనంత బరువు, అందుకే గోడ పోస్టర్లకి చెక్క. ఆ పుస్తకంలోని ఒక నగిషీల క్లారెండన్ (అక్షరాల కొసల్లో మందపాటి కాళ్లుండే రకం) ఆధారంగా 1994లో అడోబి కోసం రోజ్‌వుడ్ గీశారు. గీసిన ముగ్గురిలో కరోల్ ట్వాంబ్లీ ఒకరు. చూడగానే సర్కస్ పోస్టర్ గుర్తుకొచ్చేది ఇందుకే.

ఒకసారి ఒక బ్యానర్ చేస్తుంటే రెండు లేయర్లూ ఎంతకీ కుదరలేదు. మొదటి అక్షరం సరిగ్గానే కూర్చుంది, చివరికొచ్చేసరికి రంగు గీత దాటి బయటికొచ్చేసింది. ఫైల్ పాడైందేమోనని గంటసేపు టెన్షన్. తప్పు నాదే, కెర్నింగ్, అంటే అక్షరాల మధ్య ఎడం, ఆప్టికల్‌లో ఉంది. అలా పెడితే సాఫ్ట్‌వేర్ అక్షరం ఆకారాన్ని బట్టి ఎడం లెక్కేస్తుంది. రెండు ఫాంట్ల ఆకారాలు వేరు, ఎడాలూ వేరయ్యాయి. ఫాంట్‌లోనే ఉన్న ఎడాలు వాడే మెట్రిక్స్‌కి మార్చగానే ఒకదాంట్లో ఒకటి ఒదిగిపోయాయి.

అన్నీ క్యాపిటల్సే. ఒక మాట, మహా అయితే రెండు. మూడో మాటకి కళ్లు బరువెక్కుతాయి. నలభై పాయింట్ల కన్నా తగ్గిస్తే లోపలి నగిషీ అలుక్కుపోయి బూడిద రంగు మరకలా తయారవుతుంది, అందుకే విజిటింగ్ కార్డుకి నేను వాడను. పక్కన ఇంకో అలంకారపు ఫాంట్ పెడితే రెండూ అరుచుకుంటాయి. కింది మ్యాటర్‌కి ఎంత సాదా ఫాంట్ అయితే అంత మంచిది. తెలుగు అక్షరాలు ఇందులో లేవు, తెలుగు టైటిల్ కావాలంటే వేరే దారి చూసుకోవాల్సిందే.

ప్రింట్‌కి పంపేముందు పై లేయర్ నలుపుకి ఓవర్‌ప్రింట్ పెట్టండి, అంటే కింది రంగుని కత్తిరించకుండా దానిమీదే నలుపు అచ్చవ్వాలి. మెషిన్‌లో కాగితం వెంట్రుకవాసి జరిగినా రంగుకీ గీతకీ మధ్య తెల్ల సందు కనపడదు.